జీవామృతం కలిపే ముందు నీళ్లు చూడండి
జీవామృతం సరిగా పులవకపోతే అందరం పేడనో, బెల్లాన్నో అనుమానిస్తాం. 200 లీటర్ల డ్రమ్ములో ఎక్కువ భాగం నీళ్లే కదా, వాటి సంగతి ఎవరూ అడగరు.

పోయినేడు మా బోరు ఎండిపోతే, ఆ రోజే బ్లీచింగ్ పౌడర్ గట్టిగా కలిపిన ట్యాంకు నీళ్లు పట్టి అలాగే కలిపేశాను. రెండు రోజులైనా నురగ లేదు. డిప్లొమా చదివి కూడా నాకు తట్టలేదు: బ్లీచింగ్ వేసేదే సూక్ష్మజీవుల్ని చంపడానికి!

ఇప్పుడు డ్రమ్ము మూత తీసి ఒక రోజు ఉంచి, ఆ తర్వాతే పేడ కలుపుతున్నా. ఇంట్లో బీరు కాచుకునే విదేశాల వాళ్లు కూడా మొదట క్లోరిన్ పోగొడతారు, తర్వాతే జిప్సం లాంటివి ఆలోచిస్తారు. మనకీ అదే వరస. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే పరీక్ష చేయించండి. రిపోర్టు చూడకుండా ఏదీ కలపొద్దు. తేడా ఎలా ఉంటుందో వీడియోలో చూపించాను, చూడండి.