టైరు గుండు కొట్టించుకుంటే...

మొన్న వానలో ఔటర్ రింగ్ రోడ్డు మీద బ్రేకు కొడితే కారు ఒక్క క్షణం నా మాట వినలేదు. దిగి చూస్తే టైర్లు బోడిగుండులా ఉన్నాయి. అంతకు ముందు వారమే మా కొలీగ్ "గాడులు అరిగితే ఏంటి గురూ, రేసు కార్లకి అసలు ఉండవుగా" అన్నాడు. ఇంజినీరింగ్ చదివిన నేను కూడా తలూపాను!

వాడిది సగం నిజమే. పొడి రోడ్డు మీద, రబ్బరు ఒకటే అయితే, గాడుల్లేని టైరుకే పట్టెక్కువ. రోడ్డుని తాకే రబ్బరు ఎక్కువ కదా మరి. ఫార్ములా వన్‌లో 1998 నుంచి 2008 దాకా మలుపుల్లో స్పీడు తగ్గించడానికే గాడులు పెట్టించారు.

కానీ వాన పడితే ఆ రేసులోనే లోతు గాడుల టైర్లు వేస్తారు. నీళ్ళు పోయే దారి లేకపోతే టైరు నీటి మీద తేలుతుంది, ఇక స్టీరింగూ బ్రేకూ అలంకారానికే.

కొత్త టైరు గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. మన రూల్సు 1.6 దాకా ఒప్పుకుంటాయి. మన వానలకి అదేం సరిపోతుందండీ? నేనైతే ఇకపై 3కి రాగానే మార్చేస్తాను, డబ్బులు పోతే పోయాయి. గాడి అడుగున చిన్న దిమ్మెలుంటాయి, రబ్బరు వాటికి సమానమైందంటే 1.6కి వచ్చినట్టే. మీ కారువి ఎప్పుడైనా చూశారా?