బోరు నీళ్ల మీద పీహెచ్‌డీ.. చివరికి నోబెల్!

ఎవరైనా ‘పీహెచ్‌డీ చేస్తున్నా’ అంటే మనం వెంటనే అడిగేది ‘దేని మీద?’ అని. ‘ఏఐ మీద’ అంటే కళ్లు పెద్దవి చేస్తాం. ‘క్యాన్సర్ మీద’ అంటే గౌరవంగా తలూపుతాం. అదే ‘మున్సిపాలిటీలు, నీటి బోర్డులు ఎలా పనిచేస్తాయో దాని మీద’ అన్నారనుకోండి, ఇంకో ప్రశ్న అడగం. మనసులో మాత్రం ‘పాపం, ఉద్యోగం దొరకలేదేమో’ అనుకుంటాం.

ఈ వారం అలాంటి ఓ థీసిస్ గురించే. 1965లో అమెరికాలో ఒకావిడ రాశారు. సబ్జెక్టు ఏంటంటే, ఒక ఊళ్ల గుంపు కింద ఉన్న భూగర్భ జలాన్ని ఎవరు ఎంత తోడుకోవాలో అక్కడి జనం ఎలా తేల్చుకున్నారు అన్నది. వినడానికి ఎంత చప్పగా ఉందో కదా! కానీ టాప్ ఫ్లోర్‌లో ఉంటూ పొద్దున్నే ట్యాంకర్ హారన్ కోసం ఎదురుచూసేవాళ్లకి ఇంతకంటే దగ్గరి సబ్జెక్టు ఇంకోటి ఉండదు.

లెక్కలు రావన్నారు

ఆవిడ పేరు ఎలినార్ ఆస్ట్రమ్. 1933లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టారు. డిగ్రీ అయ్యాక కొన్నాళ్లు ఆఫీసుల్లో ఉద్యోగం చేశారు. ఇంటర్వ్యూల్లో అప్పట్లో ఆడవాళ్లని అడిగే మొదటి ప్రశ్న ‘టైపింగ్, షార్ట్‌హ్యాండ్ వచ్చా?’ అనే. తర్వాత యూసీఎల్‌ఏలో ఎకనామిక్స్ పీహెచ్‌డీ చేద్దామనుకుంటే, మ్యాథ్స్ సరిపోదంటూ వద్దన్నారు. స్కూల్లో ఆడపిల్లకి పై లెక్కలు ఎందుకని నేర్పనివ్వలేదు, ఇక్కడేమో ఆ లెక్కలే రావని తలుపు మూశారు.

దాంతో పొలిటికల్ సైన్స్‌లో చేరారు. ఆ ఏడాది తీసుకున్న 40 మందిలో ఆడవాళ్లు నలుగురే. ఆ నలుగురిని తీసుకున్నందుకు కూడా డిపార్ట్‌మెంట్‌లో గొడవ జరిగిందట. అక్కడ విన్సెంట్ ఆస్ట్రమ్ అనే ప్రొఫెసర్ తన క్లాసులో దక్షిణ కాలిఫోర్నియాలోని భూగర్భ జల ప్రాంతాలని స్టూడెంట్లకి తలా ఒకటి పంచారు. ఈవిడ వాటాకి వచ్చింది వెస్ట్ బేసిన్. అదే థీసిస్ అయింది. ఆ ప్రొఫెసరే తర్వాత ఆవిడ భర్త అయ్యారు, అది వేరే కథ.

సముద్రం బోర్లలోకి వచ్చింది

వెస్ట్ బేసిన్ అంటే లాస్ ఏంజెలెస్ పక్కన, పసిఫిక్ తీరం వెంబడి ఉన్న ప్రాంతం. చిన్నచిన్న ఊళ్లు, నీటి కంపెనీలు, ఫ్యాక్టరీలు.. అందరికీ కింద ఉన్నది ఒకటే నీళ్ల సంచి. పైన ఎవరి స్ట్రా వాళ్లది. తోడేది ఎక్కువై, వానతో లోపలికి చేరేది తక్కువైంది. నీటి మట్టం సముద్రం కంటే కిందికి పోయింది. అప్పుడు సముద్రం ఊరుకుంటుందా? ఉప్పునీరు మెల్లగా భూమి లోపలి నుంచి ఊళ్లవైపు నడిచింది. తీరం దగ్గరి బోర్లు ఒక్కొక్కటే పాడవడం మొదలైంది.

అందరికీ ప్రమాదం తెలుసు. కానీ ఎవరూ ఆపరు. ఎందుకంటే నేను తగ్గిస్తే ఆ నీళ్లు పక్కవాడు తోడేస్తాడు. పైగా అక్కడి చట్టం ప్రకారం వాడుకున్నదాన్ని బట్టే హక్కు. తగ్గించుకున్నవాడికే నష్టం. మన కాలనీల్లో జరిగేదీ ఇదే. పక్క అపార్ట్‌మెంట్ వాళ్లు మనకంటే లోతుకి బోరు వేశారని తెలిస్తే మన కమిటీ మీటింగ్‌లో వచ్చే మొదటి ఆలోచన ‘మనం ఇంకా లోతుకి వేద్దాం’ అనే. ఎవరి వరకు వాళ్లు తెలివైన పనే చేస్తున్నారు. అందరూ కలిసి మునుగుతున్నారు.

ఎలా బయటపడ్డారు?

ఇక్కడే థీసిస్ అసలు కథ. పైనుంచి ఓ పెద్ద ఆఫీసర్ వచ్చి ‘రేపటి నుంచి బంద్’ అనలేదు. 1945లో ఒక ఊరు, రెండు నీటి కంపెనీలు కలిసి మిగతావాళ్ల మీద కోర్టుకెళ్లాయి. దాదాపు 500 మంది పార్టీలున్న కేసు అది. 1946లో నీళ్లు తోడేవాళ్లంతా ఓ అసోసియేషన్ పెట్టుకున్నారు. 1947లో ఓటేసి ఒక నీటి జిల్లా ఏర్పాటు చేసుకుని, బయటి నుంచి నీళ్లు కొని తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఈలోపు ఎవరు ఎంత తోడుతున్నారో లెక్కలు బయటికి తీశారు. ఆ లెక్కలు అందరి ముందూ పెట్టాక మాటల తీరు మారింది. అప్పటిదాకా ‘నువ్వే ఎక్కువ తోడుతున్నావ్’ అని అరుచుకున్నవాళ్లు ‘ఎవరు ఎంత తగ్గిద్దాం’ అనే మాటకొచ్చారు.

1955లో మధ్యంతర ఒప్పందం. అందులో ఓ తెలివైన షరతు పెట్టారు. తగినంత మంది సంతకం పెడితేనే అది అమల్లోకి వస్తుంది. అంటే ‘నేనొక్కడినే తగ్గించి వెర్రివాడిని అవుతానేమో’ అన్న భయం ఉండదు. అయినా హాథోర్న్ అనే ఊరు ఒప్పుకోలేదు, తోడుతూనే పోయింది. ప్రతి అపార్ట్‌మెంట్‌లో మెయింటెనెన్స్ కట్టని ఫ్లాట్ ఒకటి ఉంటుందిగా, అలాగన్నమాట. 1961లో కోర్టు తుది తీర్పుతో ఆ ఊరూ లైన్లోకి వచ్చింది. ఎవరి వాటా ఎంతో తేలింది. ఎవరు ఎంత తోడారో ఏటా రిపోర్టు అచ్చేసి అందరికీ పంపే ఏర్పాటు కోర్టు చేసింది. తీరం వెంబడి వరసగా బావులు తవ్వి, మంచినీళ్లు లోపలికి పంపి, సముద్రానికి అడ్డంగా ఓ నీటి గోడ కట్టారు. ఆ గోడ ఇప్పటికీ ఉంది. ఇప్పుడు దానికి బాగా శుద్ధి చేసిన మురుగునీటిని కూడా వాడుతున్నారు.

ఇదంతా ఎలా జరిగిందో తెలుసుకోవడానికి మన పీహెచ్‌డీ స్టూడెంట్ ఏం చేశారు? అసోసియేషన్ మీటింగ్‌లకు వెళ్లి కూర్చున్నారు. పాత మినిట్స్ చదివారు. కోర్టు కాగితాలు తిరగేశారు. అందరితో మాట్లాడారు. మన భాషలో చెప్పాలంటే, సిస్టమ్ డాక్యుమెంటేషన్‌లో ఏం రాసుందో కాదు, ప్రొడక్షన్‌లో నిజంగా ఏం నడుస్తోందో లాగ్స్ తెరిచి చదివారు. నా ఉద్యోగంలో నాకు తెలిసిన మంచి డీబగ్గింగ్ అంటే అదే.

‘సర్వనాశనం తప్పదు’ అన్నాక

మూడేళ్ల తర్వాత, 1968లో, గారెట్ హార్డిన్ అనే బయాలజీ ప్రొఫెసర్ సైన్స్ పత్రికలో ఓ వ్యాసం రాశారు. అందరిదీ అయిన వనరు నాశనం కాక తప్పదు, ఎవరికి వాళ్లు లాగేసుకుంటారు అని దాని సారాంశం. వ్యాసం ప్రపంచమంతా పాకింది. దాని ఆధారంగా కొందరు ‘అంతా సర్కారు చేతికివ్వండి’ అన్నారు, ఇంకొందరు ‘ప్రైవేటుకివ్వండి’ అన్నారు. కానీ అప్పటికే యూసీఎల్‌ఏ లైబ్రరీలో ఓ థీసిస్ ఉంది. జనం కూర్చుని, కొట్టుకుని, కోర్టుకెళ్లి, లెక్కలేసుకుని, వనరును కాపాడుకోవచ్చని అందులో సాక్ష్యంతో సహా ఉంది.

ఆస్ట్రమ్ అక్కడితో ఆగలేదు. 1970లలో పోలీసుల మీద పడ్డారు. అప్పట్లో నిపుణుల మాట ఒకటే: చిన్నచిన్న పోలీసు శాఖలు దండగ, అన్నీ కలిపి ఒకటే పెద్దది చేయాలి. ఆవిడ, స్టూడెంట్లు కలిసి ఇండియానాపోలిస్‌లో ఒకేలాంటి కాలనీలని పోల్చారు. కొన్ని పెద్ద సిటీ పోలీసు కింద ఉన్నవి, కొన్ని సొంత చిన్న పోలీసు శాఖ ఉన్నవి. ఇంటింటికీ వెళ్లి అడిగారు. గస్తీ, ఫోన్ చేస్తే రావడం లాంటి పనుల్లో చిన్న శాఖలు పెద్దదానికి ఏమాత్రం తీసిపోలేదు, చాలా విషయాల్లో మెరుగ్గానే ఉన్నాయి. ఫోరెన్సిక్ ల్యాబ్ లాంటివాటికి మాత్రం పెద్ద వ్యవస్థే లాభం. అంటే ‘పెద్దదా, చిన్నదా’ అనేది తప్పు ప్రశ్న. ‘ఏ పనికి ఏ సైజు’ అన్నదే అసలు ప్రశ్న. 2007లో 12 మున్సిపాలిటీలని కలిపి జీహెచ్‌ఎంసీ చేసిన మన దగ్గర ఈ ప్రశ్న ఇంకా పచ్చిగానే ఉంది. మీ వీధి లైటు పోతే ఎవరికి చెప్పాలో, ఫ్లైఓవర్ ఎవరు ప్లాన్ చేయాలో, రెండింటికీ ఒకే జవాబు ఉండాల్సిన పనిలేదు.

2009లో ఎకనామిక్స్ నోబెల్ ఆలివర్ విలియమ్సన్‌తో కలిపి ఆవిడకి ఇచ్చారు. ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ. మ్యాథ్స్ రావని ఎకనామిక్స్‌లోకి రానివ్వనిది ఈవిడనే!

కర్నూలు కాలువ చివర

‘అది అమెరికా, మన దగ్గర కుదరదు’ అంటారా? అయితే కర్నూలు వెళ్దాం. న్యూజిలాండ్‌కి చెందిన రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు 1970ల చివర్లో, 80ల మొదట్లో అక్కడి కాలువల కింది ఊళ్లలో తిరిగారు. 1988లో పుస్తకం వచ్చింది. ఆస్ట్రమ్ తన పనిలో దాన్ని బాగా వాడుకున్నారు.

వేడ్ చూసిందేంటంటే, కొన్ని ఊళ్లు సర్కారుతో సంబంధం లేకుండా సొంతంగా నీరుకట్టువాళ్లని పెట్టుకున్నాయి. తెలంగాణలో అయితే నీరటి అంటారు. పొలాలకి వంతులవారీగా నీళ్లు పెట్టడం వాళ్ల పని. పంటకి కాపలావాళ్లు వేరే. జీతాలకి ఊరి ఫండ్ ఉంది. కోతలయ్యాక పొలాల్లో గొర్రెలు మేపుకునే హక్కు వేలం వేసి ఆ డబ్బు పోగేసేవారు. అన్ని ఊళ్లూ ఇలా లేవు. కాలువ మొదట్లో, నీళ్లు పుష్కలంగా ఉన్న ఊళ్లకి ఈ గొడవే లేదు. కాలువ చివర, నీళ్లు వస్తాయో రావో తెలియని ఊళ్లే గట్టిగా కూడాయి. అవసరం ఉంటేనే కలుస్తారు, కలిస్తే లాభం కళ్లకి కనిపిస్తేనే కలిసుంటారు.

ఇదే వేడ్ 1982లో ఇంకో పేపర్ రాశారు. దక్షిణాదిలో కాలువల ఇంజినీర్ల బదిలీల వెనక డబ్బు ఎలా తిరుగుతుందో, అది రైతు పొలం దాకా ఎలా దిగుతుందో అందులో ఉంది. ‘అందరికీ తెలిసిందేగా’ అంటాం. తెలియడం వేరు, ఓపిగ్గా కూర్చుని అది ఏ దారిలో నడుస్తుందో గీసి చూపించడం వేరు.

2000లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 7 కరువు జిల్లాల్లో ఎఫ్‌ఏఓ సాయంతో ఇంకో ప్రయత్నం జరిగింది. రైతులే బోర్లలో నీటి మట్టం కొలిచి, వాన కొలిచి, ఊళ్లో గోడ మీద బోర్డులో రాసేవారు. రబీకి ముందు కూర్చుని ‘ఇంత నీరుంది, ఏ పంట వేద్దాం?’ అని లెక్కేసుకునేవారు. ఫైన్ లేదు, నిషేధం లేదు. అంకె మాత్రం అందరికీ కనిపించేది.

గుడ్డిగా కాపీ కొట్టొద్దు

ఇక్కడ జాగ్రత్త కూడా కావాలి. వెస్ట్ బేసిన్‌కి బయటి నుంచి తెచ్చుకోవడానికి వేరే నీళ్లున్నాయి, లాయర్లకిచ్చే డబ్బుంది, నడిచే కోర్టుంది. కర్నూలు ఊళ్లలో పెత్తనం భూమి ఉన్నవాళ్లదే, కూలీల మాట అక్కడ పెద్దగా చెల్లేది కాదు. ‘జనమే చూసుకుంటారు’ అని చేతులు దులిపేసుకోవడానికి ఆస్ట్రమ్ పేరు వాడితే అది మోసం. ఆవిడ చెప్పిన కథలో సర్కారుంది, కోర్టుంది, చట్టముంది. వాటి పక్కన కొలతలున్నాయి, మీటింగులున్నాయి, తప్పించుకునేవాడిని పట్టుకునే పద్ధతీ ఉంది.

మన దగ్గర చట్టానికి కొదవలేదు. 2002 నుంచి వాల్టా చట్టం ఉంది, బోరు వేయాలంటే అనుమతి కావాలి, నమోదు చేయించాలి. మీ వీధిలో పోయినసారి రాత్రంతా బోరు వేసినప్పుడు ఆ కాగితం ఎవరైనా చూశారా? 2024 మార్చిలో బెంగళూరులో బోర్లు ఎండిపోయి, అక్కడున్న మన ఐటీ వాళ్లు ట్యాంకర్ల కోసం గ్రూపుల్లో కొట్టుకున్నప్పుడు కూడా, కింద ఎన్ని నీళ్లున్నాయో, ఎవరు ఎంత తోడుతున్నారో చెప్పే అంకె ఎన్ని కాలనీల దగ్గర ఉంది?

మా ఐటీ జనానికి ఓ అలవాటుంది, ఏ సమస్యకైనా ముందు యాప్ కట్టేస్తాం. ఆస్ట్రమ్ వరస వేరు: ముందు కూర్చుని వినడం, తర్వాత కొలవడం, ఆ తర్వాతే రూల్ రాయడం. యాప్ ఉంటే చివర్లో ఉండొచ్చు.

పీజీ చేస్తూ ‘తర్వాతేంటి?’ అనుకుంటున్నవాళ్లకి చిన్న మాట. ఏపీలో 2019 అక్టోబర్ 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాల వల్ల సర్టిఫికెట్ కోసం తిరిగే తిరుగుడు ఎంత తగ్గింది? తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టంతో సర్పంచ్ చేతిలో నిజంగా ఏం మిగిలింది? ఒక్కోటీ ఒక్కో థీసిస్ అవుతుంది. ల్యాబ్ అక్కర్లేదు. పంచాయతీ ఆఫీసు బెంచీ మీద నెలల తరబడి కూర్చునే ఓపిక కావాలి.

పీహెచ్‌డీ చేసే ఉద్దేశం లేనివాళ్లకి ఇంకా చిన్న పని. మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఈ వారం ఒక్క ప్రశ్న వేయండి: ‘మన బోరులో నీళ్లు ఎన్ని అడుగుల లోతులో ఉన్నాయి?’ జవాబు ఎవరి దగ్గరా లేకపోతే కొలిపించండి. ఆ అంకె లిఫ్ట్ పక్కన నోటీసు బోర్డు మీద రాయండి, వచ్చే నెల మళ్లీ కొలిచి దాని కిందే రాయండి. పక్క అపార్ట్‌మెంట్ వాళ్లకీ చూపించండి. వాళ్ల స్ట్రా కూడా అదే సంచిలో ఉంది మరి.