ఉపకారం కాదు, బాకీ

బ్రెజిల్ ఫుట్‌బాల్ చరిత్ర అనగానే పెలే, గరించా పేర్లు చెబుతారు. 1958, 1962, 1970 ప్రపంచ కప్పులు గుర్తు చేస్తారు. ఆ మూడు విజయాల కాలంలోనూ ఆ దేశంలో స్త్రీలు బంతి తన్నడం చట్టవిరుద్ధమన్న సంగతి మాత్రం చెప్పరు.

1941లో వర్గాస్ నియంతృత్వ ప్రభుత్వం, స్త్రీల ‘స్వభావానికి’ సరిపడని ఆటలు వాళ్లు ఆడరాదని డిక్రీ తెచ్చింది. 1965లో సైనిక పాలనలో ఫుట్‌బాల్‌ను పేరు పెట్టి మరీ నిషేధించారు. 1979 దాకా, అంటే 38 ఏళ్లు ఇదే తీరు. తల్లులు కావలసిన శరీరాలు దెబ్బతింటాయట! అవే శరీరాలు చెరకు తోటల్లో, పరాయి ఇళ్లలో నడుములు విరిగేలా చాకిరీ చేస్తున్నప్పుడు ఈ బెంగ ఎవరికీ కలగలేదు. పితృస్వామ్యానికి స్త్రీ శ్రమతో పేచీ లేదు, ఆమె ఆనందంతోనే పేచీ.

ఇప్పుడు వేతనాల మాటెత్తితే, ‘స్త్రీల ఆట ఇంకా ఎదగలేదు’ అంటారు. ఎదగనివ్వనిది ఎవరు? నిషేధం ఉండగానే, 1978లో పుట్టిన ఫోర్మిగా ఏడు ప్రపంచ కప్పులు ఆడింది. ప్రపంచ కప్పుల్లో పెలే గోల్స్ 12, రొనాల్డోవి 15, మార్తావి 17. అయినా జాతీయ జట్లకు సమాన చెల్లింపులను 2020లో గానీ ప్రకటించలేదు.

2027 మహిళల ప్రపంచ కప్ ఆతిథ్యాన్ని 2024లో బ్రెజిల్‌కు అప్పగించారు. సంతోషమే. కానీ అది స్త్రీలకు చేసిన ఉపకారమంటే ఒప్పుకోలేం. 38 ఏళ్ల మైదానాలు, శిక్షణ, జీతాలు వాళ్లకు బాకీ ఉన్నాయి. బాకీని తీర్చాలి, దానం చేసినట్టు పోజు పెట్టకూడదు.