తలుపు దగ్గర చాప



మిర్చి కోతలు మొదలైన రోజుల్లో ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక మన సంఘపు యవనస్థుడు ఒకడు మా దగ్గరికి వచ్చాడు. డిగ్రీ మొదటి సంవత్సరం. చేతిలో సమాజశాస్త్రం పుస్తకం ఉంది. "అయ్యగారూ, మనిషి ప్రవర్తనను సమాజమే మలుస్తుందని ఇందులో రాశారు. మీరేమో ఎవరి పాపానికి వాళ్లే లెక్క చెప్పాలని ప్రసంగిస్తారు. రెండిట్లో ఏది నిజం?" అని అడిగాడు. అప్పటికి ఏదో చెప్పి పంపించాము గాని, ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. పుస్తకం అడిగి తీసుకుని వారం రోజులు రాత్రిపూట చదివాము.

చదివితే తెలిసిందేమంటే, అందులో ఉన్నది మన ఊళ్లలో రోజూ చూసేదే. కోయగూడెంలో పుట్టిన బిడ్డ కోయ మాట్లాడుతుంది, తండాలో పుట్టిన బిడ్డ లంబాడీ మాట్లాడుతుంది. భర్త పేరు పలకకూడదని మన తల్లులకు ఏ బడిలోనూ నేర్పలేదు. పెద్దమనిషి ఎదురైతే తలగుడ్డ తీసి భుజాన వేసుకోవాలని మన తాతలకు ఎవరూ పాఠం చెప్పలేదు. చూసి నేర్చుకున్నారు. తప్పితే నలుగురూ ఏమనుకుంటారోనని భయపడ్డారు.

ఎమిల్ దుర్ఖైమ్ అని ఒక ఫ్రెంచి పండితుడు, యూదు రబ్బీ కుమారుడు. 1897లో ఆత్మహత్యల మీద పుస్తకం రాశాడు. మనిషి ఒంటరిగా చేసుకునే ఆ పని కూడా అతడు బ్రతికే సంఘాన్ని బట్టి ఎక్కువ తక్కువలుగా ఉంటుందని, నలుగురితో ఉన్న కట్టు వదులైన చోట ఆ ప్రమాదం పెరుగుతుందని లెక్కలు తీసి చూపించాడు. అమెరికావాడైన చార్లెస్ కూలీ 1902లో ఇంకో మాట చెప్పాడు. ఎదుటివాళ్ల కళ్లనే అద్దంగా చేసుకుని మనిషి తనను తాను చూసుకుంటాడట.

ఆ అద్దం మాట చదివినప్పుడు మా మందిరంలో తలుపు దగ్గరున్న చాప గుర్తొచ్చింది.

నాలుగేళ్లుగా అడవి లోపలి నుండి కొన్ని గుత్తికోయ కుటుంబాలు ఆరాధనకు వస్తున్నాయి. మొదటి ఆదివారం చాలా దూరం నడిచి ఆలస్యంగా వచ్చి తలుపు దగ్గర కూర్చున్నారు. రెండో వారం ఎవరో అక్కడ ఒక పాత చాప వేశారు. మూడో వారానికి అది వాళ్ల చోటైపోయింది. పెద్దలు తీర్మానం చేయలేదు, ఎవరూ ఒక్క చెడ్డమాట అనలేదు. ప్రభు బల్ల నాడు గిన్నె ముందు వరసల్లో తిరిగి, చివరికి ఆ చాప దగ్గరికి వెళ్లేది. వడ్డించింది మేమే. నాలుగేళ్లూ మా కంటికి అది కనబడలేదు. ఈమధ్య ఒక తల్లిని ముందుకు రమ్మంటే, "మాది ఇక్కడే కదా అయ్యా" అన్నది. మన కళ్లలో ఆమె చూసుకున్నది ఆ చోటునే.

వాళ్లను గురించి మన మధ్య నడిచే మాటలు మనకు తెలుసు. అడవి నరుకుతారు, శుభ్రముండదు, పిల్లలను బడికి పంపరు, వాళ్ల బుద్ధే అంత అంటాము. వాళ్లు ఎలా వచ్చారో మరచిపోతాము. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వా జుడుం మొదలయ్యాక, అటు జుడుంకూ ఇటు మావోయిస్టులకూ మధ్య నలిగి, కాలిన ఊళ్లు విడిచి వేలమంది చర్ల, దుమ్ముగూడెం, చింతూరు అడవుల్లోకి వచ్చారు. జుడుం రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 2011లో తీర్పిచ్చినా, వచ్చినవాళ్లలో చాలామంది తిరిగి వెళ్లలేదు. గుత్తికోయలన్న పేరు కూడా మనం పెట్టి పిలిచేదే. అక్కడ వాళ్లు మురియాలు, దోర్లలు. ఇక్కడ ఎస్టీ ధ్రువపత్రం దొరకడం కష్టం, పోడుకు హక్కు లేదు, గుడిసె ఎన్నాళ్లుంటుందో తెలియదు. బోరింగు లేని చోట శుభ్రం ఎక్కడిది? రేపు ఖాళీ చేయమంటారని తెలిసినవాడు మామిడి మొక్క ఎందుకు నాటుతాడు? వాళ్ల బుద్ధి అని మనం పేరు పెట్టినది చాలావరకు వాళ్ల పరిస్థితి.

2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో పోడు గొడవలో ఒక అటవీ రేంజి అధికారి హత్యకు గురయ్యాడు. అది ఘోర పాపం, చేసినవాళ్లు న్యాయస్థానం ముందు లెక్క చెప్పవలసిందే. కాని ఆ తర్వాత మన నోళ్లలో చేసినవాళ్ల పేర్లు లేవు, ఒక జాతి పేరే ఉంది. మనలో ఒకడు హత్య చేస్తే వాడొక్కడే హంతకుడు. వాళ్లలో ఒకడు చేస్తే అందరూ హంతకులు. ఈ లెక్క మనకెవరు నేర్పారు?

మంచివాళ్లకు ఇది అంటదనుకోవద్దు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వి.ఎస్. అజరయ్య గారు లేచి, మిషనరీలు తమ ఆస్తినీ ప్రాణాన్నీ ఇచ్చారని ఒప్పుకుంటూనే, మాకు స్నేహం కూడా కావాలని అడిగారు. ఆయనే 1912లో మన పక్కనున్న దోర్నకల్‌కు బిషప్ అయ్యారు. ప్రాణమిచ్చేవాళ్లు కూడా పక్కన కూర్చోబెట్టుకోలేకపోయారంటే, తాము పుట్టి పెరిగిన సమాజపు పట్టు ఎంత గట్టిదో చూడండి.

పేతురు సంగతీ అంతే. దేవుడు ఎవరినీ నిషిద్ధులుగా ఎంచడని యొప్పేలో దర్శనం చూసినవాడు. అంతియొకయలో అన్యజనులతో కలిసి భోంచేసినవాడు. యెరూషలేము నుండి కొందరు రాగానే వెనక్కి తగ్గాడు. ఆయనను చూసి బర్నబా కూడా తగ్గాడు. సిద్ధాంతం మారలేదు, చూసే కళ్లు మారాయి. పౌలు ఏం చేశాడు? పాపం, పెరిగిన పద్ధతి అలాంటిదని ఊరుకోలేదు. అందరి ఎదుట ఆ తప్పును ఎత్తిచూపాడు.

ఆ అబ్బాయికి మా జవాబు ఇదే. రెండూ నిజమే. సమాజం మనల్ని మలుస్తుంది, ఆ మాట ఒప్పుకోకుండా చేసే ప్రసంగం సగం ప్రసంగమే. కాని సమాజం అంటే ఎక్కడో లేదు. ఆ పాత చాప వేసిన చేయి ఎవరిదో ఒకరిది, చూసి ఊరుకున్న కళ్లు మావి. తెలిసిన తర్వాత కూడా అలాగే ఉంచితే, ఆ లెక్క మనమే చెప్పాలి. ఒకప్పుడు ఊరి బావి దగ్గరికి రానివ్వని తాతల మనుమలు మన సంఘంలో ఎంతోమంది ఉన్నారు. ఆ బాధ తెలిసినవాళ్లమే ఈ చాప వేశాము.

తెలుగులో సంఘమంటే సమాజమూ అవుతుంది, విశ్వాసుల కూడికా అవుతుంది. కాబట్టి మందిరం కూడా మనుషులను మలిచే చోటే. హృదయం మార్చుకోమని పదేళ్లు చెప్పి చాప అక్కడే ఉంచితే, మన పిల్లలు ప్రసంగాన్ని కాదు, చాపనే నేర్చుకుంటారు.

గత నెల ఆ చాప తీసేశాము. ఇప్పుడు వచ్చిన వరుసలోనే అందరూ కూర్చుంటున్నారు. ప్రేమవిందులో వాళ్ల స్త్రీలు కూడా వండుతున్నారు, వడ్డిస్తున్నారు. రెండు కుటుంబాలు రావడం మానేశాయి. వాళ్ల ఇళ్లకు వెళ్లి వచ్చాము, మళ్లీ వెళ్తాము. కానుకలు తగ్గాయని పెద్దలు దిగులుపడుతున్నారు. ఆ దిగులు మాకూ ఉంది. అయినా చాప తిరిగి వేయము.

మీ సంఘంలో అలాంటి చాప ఎక్కడుందో వచ్చే ఆదివారం చూడండి. మా కోసం, మానేసిన ఆ రెండు ఇళ్ల కోసం ప్రార్థన చేయండి. ఆమేన్.