ముగ్గు తొక్కే చక్రాలు

వాకిట్లో పెట్టిన ముగ్గును ఎవరైనా తొక్కుకుంటూ పోతే మనకి ఒళ్ళు మండుతుంది. “వీధి మీ సొంతమా?” అని వాళ్ళు ఎదురడిగితే మరీ మండుతుంది. వీధి మునిసిపాలిటీదే కావచ్చు. ముగ్గు తొక్కమని మునిసిపాలిటీ చెప్పిందా?

అమెరికా ఎడారుల్లో జీపులూ, మోటారు సైకిళ్ళూ వేసుకుని దారీ తెన్నూ లేకుండా తిరిగే ప్రబుద్ధుల్ని ఈ ప్రశ్నే అడగాలి. అక్కడ బ్యూరో ఆఫ్ లాండ్ మేనేజ్‌మెంట్ అనే ప్రభుత్వశాఖ చేతిలో దాదాపు 24.5 కోట్ల ఎకరాల నేల ఉంది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా అందులో మూడోవంతు కాదు! అందులో చాలా భాగానికి గేటూ లేదు, టిక్కెట్టూ లేదు. అందరిదీ ఆ నేల.

మట్టిదారి పట్టుకుని ఎడారి చూసిరావడాన్ని నేను తప్పుపట్టను. కాలిఫోర్నియాలో మొహావీ రోడ్డని సుమారు 220 కిలోమీటర్ల పాతదారి ఉంది. ఒకప్పుడు అక్కడి ఆదివాసుల కాలిబాట, తర్వాత బండ్లబాట, ఇప్పుడు జీపులబాట. మోకాళ్ళనొప్పుల అమ్మమ్మ కూడా జీపులో కూర్చుని ఆ అందం చూడగలదంటే సంతోషమే. పేచీ అంతా దారి దిగిన దగ్గర్నించే.

అదే రాష్ట్రంలో కొలరాడో నది దగ్గర బ్లైత్ అనే ఊరుంది. దాని పక్కన ఎడారి నేలమీద పూర్వం ఆదివాసులు పెద్దపెద్ద బొమ్మలు గీశారు. పైనున్న నల్లరాళ్ళు తప్పిస్తే అడుగున తెల్లటి మన్ను బయటపడుతుంది. ఆ మన్నే వాళ్ళ ముగ్గుపిండి. ఒక మనిషి బొమ్మ 170 అడుగుల పొడవుంటుంది. దాని మీంచీ బండ్లు తోలారండీ! ఇప్పుడు చుట్టూ కంచె వేశారు. చక్రాల చారలు మాత్రం కంచె లోపలే ఉండిపోయాయి.

“ఇసకే కదా, గాలికి చెరిగిపోతుంది” అంటారు. ఎడారంతా ఇసకదిబ్బలేనని ఎవరు చెప్పారు? రెండో ప్రపంచయుద్ధంలో, 1942లో, జనరల్ పాటన్ తన సైన్యానికి అక్కడే తర్ఫీదు ఇచ్చాడు. ఆ టాంకుల జాడలు ఈనాటికీ కనబడుతున్నాయి. మట్టిమీద కంటికి ఆనని జీవాలు అల్లుకున్న సన్నటి పొర ఉంటుంది. గాలికి మన్ను లేచిపోకుండా పట్టి ఉంచేది అదే. ఒక్క చక్రం దాన్ని చిదిపితే మళ్ళీ కట్టుకోడానికి ఎన్నో ఏళ్ళు పడుతుంది. ఆ మట్టికింద బొరియల్లోనే ఎడారి తాబేలు బతుకులో ఎక్కువ భాగం గడిచిపోతుంది. పిల్లల్ని కనే ఈడు రావడానికే దానికి పదిహేనేళ్ళో, ఇరవయ్యేళ్ళో కావాలి. బొరియ కూలడానికి క్షణం చాలు. ఆ తాబేలు బతుకు ప్రమాదంలో పడిందని అమెరికా ప్రభుత్వమే 1990లో ప్రకటించింది.

“మా పన్నులు, మా నేల, మా ఇష్టం” అనే వీరులూ ఉన్నారు. 1972లో అధ్యక్షుడు నిక్సన్ ప్రభుత్వ నేలల్లో బండ్లు ఎక్కడ తిరగొచ్చో, ఎక్కడ తిరగకూడదో గుర్తులు పెట్టమని ఉత్తరువు ఇచ్చాడు. చెరుపు జరుగుతున్న చోటిని వెంటనే మూసెయ్యమని 1977లో కార్టర్ దానికి జోడించాడు. పోనీ వీళ్ళకి తోలుకునే చోటు లేదా అంటే, జాన్సన్ వేలీ లాంటి చోట్ల వేలకు వేల ఎకరాలు వదిలేశారు. కడుపునిండా వడ్డించాక పక్కవాళ్ళ విస్తట్లో చెయ్యి పెట్టడం ఎందుకు?

ఉమ్మడి ఆస్తి అంటే ఏమిటో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. అనుభవించే హక్కు అందరికీ ఉంటుంది, తగలేసే హక్కు ఎవరికీ ఉండదు. పుట్టబోయే మనవలకీ అందులో వాటా ఉంది.

కాలిఫోర్నియాలో మన పిల్లలూ తక్కువమంది లేరు. శెలవులకి ఎడారి చూడ్డానికి వెడుతున్నామని వాళ్ళు ఫోను చేస్తే, నీళ్ళు పెట్టుకున్నారా, స్పేరు టైరు ఉందా అని ఎలాగూ అడుగుతాం. ఇంకొక్క మాట కూడా అనండి: “దారి దిగకండి నాయనా. బండి కదిలించే ముందు ఒక్కసారి వంగి చూడండి. కింద నీడకి తాబేలు చేరి ఉంటుంది.”