శక్కర్ అడుగుతరు, నమక్ ఎవరూ అడగరు

బోధన్‌ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937ల పుట్టింది, 2015 డిసెంబర్‌ల బందైంది. ఫ్యాక్టరీ బందైనా శక్కర్‌నగర్ పేరు పోలేదు, మా నోట్లెకెళ్లి శక్కర్ మాట కూడ పోలేదు. ఇద్దరు బుజుర్గ్‌లు కలిస్తే "శక్కర్ ఎంతుంది, బీపీ ఎంతుంది" అనే అడుగుతరు. నమక్ ఎంతుందని ఎవరూ అడగరు. ఒంట్ల నమక్ అంటే సోడియం. రక్తంల లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ ఉండాలె.

పోయిన ఎండాకాలం మా ఖాలాకు వాంతులు పట్టుకున్నయ్. డెబ్బై దాటిన మనిషి. బీపీ గోలీల మూత్రం తెప్పించే దవా కూడ కలిసి ఉంది. మేం దుకాణంల అడిగి వాంతుల గోలీ తెచ్చినం. అన్నం పోతలేదని ఉత్త నీళ్లే గ్లాసులకు గ్లాసులు తాపినం. మూడో రోజు మనుమని పేరు మర్చిపోయింది. అర్ధరాత్రి లేచి తెల్లారిందన్నది. ఒకరు బుఢాపా అన్నరు, ఇంకొకరు నజర్ అన్నరు. నిజామాబాద్‌కు తీస్కపోయి రక్తం పరీక్ష చేపిస్తే సోడియం 116.

ఇంట్ల అందరూ వాంతుల గోలీ మీదనే ఇల్జామ్ పెట్టిన్రు. జర ఇన్సాఫ్‌తోని చూద్దాం. మెటోక్లోప్రమైడ్ అసొంటి గోలీ వాసోప్రెసిన్ అనే హార్మోన్‌ను లేపగలదు. నీళ్లు బయటికి ఇడవొద్దని కిడ్నీలకు హుకుం ఇచ్చేది ఆ హార్మోనే. నీళ్లు నిలిస్తే నమక్ పల్చబడతది. కానీ గోలీతోని సోడియం ఇంత పడుడు అరుదు. కడుపుల తిప్పుడు కూడ అదే హార్మోన్‌ను లేపుతది. ముసలోళ్లల్ల ఇంకా ఎక్కువ కనిపించే కసూర్ హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ అసొంటి బీపీ దవాలది. వాటిమీంచి మేం తాపిన ఉత్త నీళ్లు. నలుగురు చేసిన పనికి ఒక్కన్నే పట్టుకుంటే మిగిలిన ముగ్గురు మళ్ల వస్తరు.

అందుకే నేననేది ఒక్కటే. వాంతుల తర్వాత బుజుర్గ్‌ల మాట తడబడినా, మత్తుగ పడి ఉన్నా బుఢాపా అని ఊకోకుండ్రి. అదే రోజు దవాఖానకు పోండ్రి. తినే గోలీలన్నీ సంచిల ఏస్కొని పోండ్రి. "డాక్టర్ సాబ్, సోడియం చూస్తరా" అని నోరు తెరిచి అడుగుండ్రి.

వాంతులు మొదలైనప్పుడే ఉత్త నీళ్ల జాగల ఓఆర్ఎస్ తాపుండ్రి. గుండె, కిడ్నీ బీమారీ ఉన్నోళ్లకు డాక్టర్‌ను అడిగే తాపాలె. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ఓఆర్ఎస్ లీటరుకు 75 మిల్లీమోల్స్ సోడియం ఉంటది. ఆ పేరు పెట్టుకొని అమ్మిన శక్కర్ శర్బత్‌లు వేరు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏండ్లకేండ్లు కొట్లాడితే 2025 అక్టోబర్‌ల ఎఫ్ఎస్ఎస్ఏఐ వాటి మీద ఆ పేరు వాడొద్దన్నది.

హోష్ లేని మనిషి నోట్లె మాత్రం ఉప్పు నీళ్లు పోయకుండ్రి. సోడియం జల్ది పెరిగితే మెదడుకు నుక్సాన్. డాక్టర్లు ఆహిస్తా ఆహిస్తా పెంచుతరు. ఖాలాకు నాలుగు రోజులు పట్టింది. ఐదో రోజు మనుమన్ని పేరు పెట్టి పిలిచింది, చాయ్‌ల శక్కర్ తక్కువైందని మా మీద గుస్సా చేసింది.