ఏ ఆలుగడ్డ వెయ్యాలి?

మియాపూర్ లాంటి చోట ఇంటి పెరట్లో వెయ్యడానికి, గడ్డ పెద్దగా, నున్నగా ఉందని విత్తనం కొనకూడదని నా అభిప్రాయం. ఆలుగడ్డ చలి పంట. రాత్రులు వేడిగా ఉంటే ఆకులే పెరుగుతాయి గానీ గడ్డ ఊరదు. ఇక్కడ చలి కొద్ది నెలలే. కనుక వేడిని తట్టుకునే రకం చూడాలి. సిమ్లాలోని కేంద్ర ఆలుగడ్డ పరిశోధనా సంస్థ ఇచ్చిన కుఫ్రీ లవ్‌కర్ (1972), కుఫ్రీ సూర్య (2006) అలాంటివే. అక్టోబరు చివర్లో నాటాలి.

మా అమ్మలాంటోళ్ళు ఒకరోజు కూలి పెట్టి విత్తనం కొంటారు. గడ్డ ఊరకపోతే ఆ కూలి మట్టిలో పోయినట్టే. మన పెద్దోళ్ళు అడవి గడ్డల్ని పేరుపేరునా గుర్తుపడతారు. మనం ఆలుగడ్డకి కూడా పేరు అడగాలి. రకం పేరు చెప్పలేని చోట విత్తనం కొనొద్దు.

— 9వ తరగతి విద్యార్థిని